పది మాటలు చెప్పడానికి అనుమతి

1వ రోజు, ఫిబ్రవరి 9

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. బడుల పరిశీలన మండలి ఆరో నియమం ప్రకారం, బడి పిల్లల మీద పరిశోధన చేయదలచిన బయటి మనిషి దరఖాస్తు పెట్టిన రోజు నుంచి పని ముగిసేదాకా దినచర్య పుస్తకం రాసి, చివర మండలికి అప్పజెప్పాలి. ఏం రాయాలో చెప్పారు గానీ ఎంత మర్యాదగా రాయాలో చెప్పలేదు. ఆ సంగతి నాకే వదిలేసినందుకు కృతజ్ఞతలు.

నా పేరు వకుళ. పెనుగుట్ట కింది పట్టణంలో, నేలకు తొమ్మిది అంతస్తుల దిగువన ఉన్న తవ్వకం కూలీల ఆస్పత్రిలో చెవులు పరీక్షిస్తాను. పంతొమ్మిదేళ్లుగా రాయి కొట్టేవాళ్ల చెవులు చూస్తూ ఉన్నాను. నాకు చదువు చెప్పే ఉద్దేశం లేదు, బడి నడిపే ఉద్దేశం అంతకంటే లేదు.

పోయిన వారం ఓబులేసు ఏటేటా జరిగే పరీక్షకు వచ్చాడు. ఇరవై ఏళ్లుగా సొరంగంలో డ్రిల్లు పట్టిన మనిషి. కుడిచెవి సగం పోయింది, ఎడమది ముప్పావు. అది మా ఇద్దరికీ తెలిసిందే. కొత్తగా చూసింది ఆయన పక్కన కూర్చున్న కూతుర్ని. బడిలో గాలిగొట్టాలు కడుగుతున్నారని సెలవిస్తే వెంట తీసుకొచ్చాడు. పేరు సుంకులు, తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. మాట్లాడుతున్నంతసేపూ ఆ పిల్ల నా కళ్లలోకి చూడలేదు, నోటికేసే చూసింది. చేతులు కడుక్కోవడానికి అటు తిరిగి, నీకేం కూర ఇష్టమని అడిగితే జవాబు లేదు. ఇటు తిరిగి అదే మాట అడిగితే "ఎర్రగడ్డ కారం" అంది.

వెనక నిలబడి, ఒక చెవి మూసి, గుసగుసగా పది మాటలు చెప్పాను. విన్నవి తిరిగి చెప్పమన్నాను. ఒక చెవితో ఆరు చెప్పింది, రెండో చెవితో ఐదు. పదేళ్లు రాయి కొట్టిన మనిషికి ఉండే చెవులవి. ఈ పిల్ల బడికి పోతుంది, ఇంటికొస్తుంది, అంతే.

"ఎప్పట్నించి ఇట్లా ఉంది తల్లీ?" అని అడిగాను.

"ఏమో మేడమ్. అందరికీ ఇట్లే ఉంటాదనుకుంటి. మా గోడవరసలో అందరం ఇంతే."

గోడవరస అన్న ఆ ఒక్క మాట కోసమే ఈ దరఖాస్తు. నాలుగో తరగతిలో నలభై మంది పిల్లలు. ఒక్కొక్కరి వెనక నిలబడి గుసగుసగా పది మాటలు చెప్పాలి. మనిషికి ఐదు నిమిషాలు. ఇద్దరు పిల్లల్ని చూస్తే వైద్యమట. మూడో పిల్లను అదే ప్రశ్నతో చూస్తే పరిశోధనట. బడిలో చూసినా, ఆస్పత్రిలో చూసినా, మెట్ల మీద చూసినా అంతే. అనుమతి లేకుండా చేస్తే నా పని పోతుంది, నేను కనిపెట్టింది చెత్తబుట్టలోకి పోతుంది.

తొందర ఎందుకంటే, ఏప్రిల్ 20న బడిలో విభజన. ప్రశ్నలకు జవాబిచ్చే వేగాన్నిబట్టి ప్రతి పిల్లకూ ఒక స్పందన అంకె ఉంటుంది. నలభైకి తగ్గినవాళ్లను చదువు మానిపించి చేతిపని విభాగానికి పంపుతారు. అక్కడ నాలుగేళ్లు ఉంచి, పదమూడు నిండగానే చేతికి డ్రిల్లు ఇస్తారు. వెనక్కి రావడం ఉండదు. సుంకులు అంకె ముప్పై ఒకటి.

4వ రోజు, ఫిబ్రవరి 12

దరఖాస్తు నలభై ఒక్క పేజీలు. మొదటిరోజే పెట్టాను, ఈరోజు తిరిగొచ్చింది. ముందు మనుషులు చూడరు, యంత్రం చూస్తుంది.

ఆరో పేజీలో "వాడబోయే పరికరం" అని గడి ఉంది. "నా నోరు" అని రాశాను. దాని కింద "తయారీదారు" అని ఉంది. ఉక్రోషం పట్టలేక "మా అమ్మ" అని రాశాను. రాయకుండా ఉండాల్సింది. "తయారీదారు ఇచ్చిన భద్రతా ధ్రువపత్రం జతచేయలేదు" అని తిప్పి పంపారు.

మా అమ్మ పోయి పదేళ్లయింది. పైగా ఆవిడ నా నోటి భద్రత గురించి ఏనాడూ ఎవరికీ హామీ ఇవ్వలేదు.

సాయంత్రం గుమ్మానికి వేసిన తడిగుడ్డ దులిపితే దోసెడు రాతిపిండి రాలింది. మళ్లీ తడిపి కడుతున్నంతసేపూ పళ్లు నూరుకుంటూనే ఉన్నాను.

11వ రోజు, ఫిబ్రవరి 19

మూడో అంతస్తుకు పోయి మండలి అధికారిని కలిశాను. పేరు శేషఫణి. వాళ్ల లిఫ్టు మాలాంటివాళ్లకు ఆగదు కాబట్టి ఆరు అంతస్తుల మెట్లెక్కాను. పైకి పోయేకొద్దీ సెగ. నేల మీద యాభై మూడు డిగ్రీలని గోడ మీద అంకెలు మెరుస్తున్నాయి.

శేషఫణి గారు చెడ్డమనిషి కాదు. అదే నా బాధ. చెడ్డమనిషైతే తిట్టి రావచ్చు. కూర్చోబెట్టి నన్నారి షర్బత్ ఇప్పించాడు.

"ఈ రూల్సు పిల్లల కోసమే పెట్టినామమ్మా. పదేళ్ల కిందట ఎవురెవురో వచ్చి పిల్లల రక్తం తీస్కపోయిరి, పాలపొడి అంటూ ఏందేందో తాగించిరి. తల్లిదండ్రులకు తెల్లేదు, బడికి తెల్లేదు. మళ్ల అట్ల కాకూడదని ఇంత జాగ్రత్త."

"అది నిజమే" అన్నాను. నిజమే కదా. పిల్లలున్న గదిలోకి ఎవరు పడితే వాళ్లు దూరకూడదు. నేను తల్లినైనా ఇదే కోరుకుంటాను.

"మరి పిల్లల చెవుల్లో పూసలున్నాయి కదండీ, వాటికెవరు అనుమతిచ్చారు?" అని అడిగాను. బడిలో ప్రతి పిల్ల చెవిలోనూ ఒక పూస ఉంటుంది. గాలి లాగే ఫంకాల మోతలో టీచరు గొంతు వినపడదని పెట్టారు. పాఠం అందులోంచే వస్తుంది, ప్రశ్నా అందులోంచే. పిల్ల ఎంతసేపటికి పలికింది, ఎన్నిసార్లు ఆవలించింది, ఎప్పుడు గుండె వేగంగా కొట్టుకుంది, అన్నీ పూసలు అమ్మిన కంపెనీకి పోతాయి.

"అది పరిశోధన కాదమ్మా. అది సేవ."

"రోజుకు ఏడు గంటలు పిల్ల చెవిలో కూర్చుని అన్నీ రాసుకుంటే సేవ, వెనక నిలబడి ఐదు నిమిషాలు గుసగుసలాడితే పరిశోధనా?"

"వాళ్లు లోపలివాళ్లు గదమ్మా. ఒప్పందం ఉంది. మీరు బయటివాళ్లు."

షర్బత్ సగంలో వదిలేసి లేచాను. ఈ పంతొమ్మిదేళ్లలో నేను ఈ పట్టణం వదిలి ఎక్కడికీ పోలేదు. ఆ కంపెనీ వాళ్లెవరూ ఇక్కడ ఒక్క రాత్రి పడుకుని ఎరగరు. బయటిదాన్ని నేను.

20వ రోజు, ఫిబ్రవరి 28

మళ్లీ తిరిగొచ్చింది. పరికరం గడిలో "ఏమీ లేదు" అని రాస్తే ఆ గండం గడిచింది. ఇప్పుడు రెండు కొత్తవి. ఒకటి, నలభై మందికి ఐదేసి నిమిషాలంటే రెండువందల నిమిషాల చదువు నష్టం, దాన్ని ఎలా పూడుస్తావు? గొట్టాలు కడగడానికి రెండు రోజులు బడి మూశారు, అదెవరు పూడ్చారో మాత్రం ఎక్కడా లేదు. రెండు, "బడికి కలిగే మేలు" అన్న గడిలో నేను రాసింది కొలవడానికి వీలుగా లేదట. నేను రాసింది "పిల్లలకు చెవులు మిగలడం".

27వ రోజు, మార్చి 7

నీళ్ల వరసలో మస్తానమ్మ టీచరు కలిసింది. నాలుగో తరగతి ఆవిడదే. బిందె కింద పెట్టి నన్ను పక్కకు లాగింది. పరిశోధన చేసే మనిషి ముందే టీచర్లతో మాట్లాడకూడదన్న నియమం ఏదైనా ఉంటే క్షమించండి, నేను వెతకలేదు.

"ఏం చెప్పేది వకుళమ్మా, ఆ గోడపొంటి పెద్ద గొట్టం పోతాది. దాని కింద నేను గంట నిలబడితేనే తలకాయ దిమ్మెక్కుతాది. పిల్లోళ్లు పొద్దస్తమానం ఆడే కూర్చుంటారు."

"అక్కడ ఎవరు కూర్చుంటారు?"

"కింది గేటు నుంచి వచ్చేటోళ్లు. తవ్వకపోళ్ల పిల్లోళ్లు. ఆ తలుపు పక్కనే గోడవరస, వచ్చినోళ్లు వచ్చినట్ల ఆడే కూలబడతారు. మీదంతస్తుల పిల్లోళ్లు అవతల తలుపులోంచి వస్తారు, అవతలే కూర్చుంటారు. ఎవురూ కూర్చోమని చెప్పలేదు. అట్ల అలవాటైపోయె."

ఆ తర్వాత ఆవిడ చెప్పింది విని నాకు ఒళ్లు మండింది. చుట్టూ మోత పెరిగితే పూస తనంతట తనే గొంతు పెంచుతుంది. గోడవరసలో ఫంకా మోత ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అక్కడి పూసలు ఎప్పుడూ అరుస్తూనే ఉంటాయి. అయితే ఆ పెంచడం పాఠానికే. ప్రశ్నలకూ ప్రకటనలకూ గొంతు పెంచదు. అంకెలో తేడా రాకూడదని పిల్లలందరికీ ఒకే స్థాయిలో అడుగుతుందట. అంటే పాఠం చెబుతూ పిల్ల చెవి పాడుచేస్తుంది, ఆనక చిన్నగా ప్రశ్న అడిగి, పలకలేదని అంకె తగ్గిస్తుంది. ఇంత న్యాయంగా అన్యాయం చేయడం మనుషుల వల్ల కాదు.

"ఎవరికైనా చెప్పారా?" అన్నాను.

"హెడ్మాస్టరుకు చెప్తి. కంపెనీకి రాస్తాననె. కంపెనీ ఏమో పిల్లోళ్లకు శ్రద్ధ లేదని రాసి పంపె." మస్తానమ్మ బిందె ఎత్తుకుంది. "నువ్వు వచ్చి చూడమ్మా. నేను చెప్తే టీచరు చెప్పినట్లయితాది, నువ్వు చెప్తే లెక్క."

39వ రోజు, మార్చి 19

ఓబులేసు వచ్చి బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"మేడమ్, అనుమతి ఎప్పుడొస్తాదో ఏమో. నా బిడ్డకు ఒక చీటీ రాసీ. చెవులు బాగలేవు, అందుకే పలకల్యా, చదువు మానిపిచ్చొద్దండి అని. ఆ చీటీ తీస్కపోయి కాళ్లో గడ్డమో పట్టుకుంటా."

రాయలేనన్నాను. చెప్పక తప్పలేదు. విభజన నియమాలు నేను చదివాను. అంకె తగ్గినవాళ్లు ఒక వరసలో చేతిపనికి పోతారు. వినికిడి లోపమని చీటీ తెచ్చినవాళ్లు ఇంకో వరసలో చేతిపనికే పోతారు. ఒక్క పిల్లకు చెవి పోతే అది పిల్ల లోపం. పదిహేను మందికి పోతే అది బడి లోపం. అప్పుడు పిల్లల్ని కాదు, గొట్టాన్ని కదిలించాలి. అందుకే నాకు నలభై మందీ కావాలి.

ఇదంతా ఆయన మంచి చెవి వైపు నిలబడి రెండుసార్లు చెప్పాను.

"అంటే నా బిడ్డ ఒక్కతే అయితే తప్పు దాన్దే."

"వాళ్ల లెక్కలో అంతే."

"నేను డ్రిల్లు పడితే పట్నా. దాని చేతికి రాకూడదని గదా బడికి పంపితి" అని ఆయన వెళ్లిపోయాడు. దరఖాస్తుకు కావలసిన నలభై మంది తల్లిదండ్రుల వేలిముద్రలు ఓబులేసే ఇల్లిల్లూ తిరిగి తెచ్చాడు. మీదంతస్తులవాళ్లు కూడా వేశారు. ఒక్కరూ కాదనలేదు.

46వ రోజు, మార్చి 26

నాలుగోసారి దరఖాస్తు నింపాను. చదువు నష్టం పూడ్చడానికి మస్తానమ్మ ఆదివారం ఒక పూట వస్తానని సంతకం పెట్టింది. బడికి కలిగే మేలుకు ఒక అంకె కనిపెట్టి రాశాను, ఏమని రాశానో నాకే గుర్తులేదు. అంకె ఉంది కాబట్టి ఒప్పుకుంటారు.

ముప్పై మూడో పేజీలో కొత్త చిక్కు. తల్లిదండ్రులు ఒప్పుకుంటే చాలదు, పిల్ల కూడా ఒప్పుకోవాలి. బలవంతం ఉండకూడదు. మంచి నియమమే, తప్పు పట్టను. ఎలా అడగాలన్నదానికి రెండు దారులున్నాయి. నేనే ఒక్కొక్క పిల్లనూ కలిసి అడగొచ్చు, కానీ దానికి ముందు నా నడవడి మీద విచారణ జరగాలి, నెల పడుతుంది. లేదా బడి పద్ధతిలో బడే అడుగుతుంది, దానికి రెండు రోజులు చాలు. నెల ఆగితే విభజన అయిపోతుంది.

బడి పద్ధతి అన్న గడిలో టిక్కు పెట్టాను. మనసు తేలికపడి, చాలా రోజుల తర్వాత కడుపునిండా సంగటి తిన్నాను.

58వ రోజు, ఏప్రిల్ 7

అనుమతి వచ్చింది. ముద్ర చూస్తే కళ్లు తడిశాయి, ఇంత మొరటుదాన్ని. షరతులు పదకొండు. ఫలితాల్లో పిల్లల పేర్లు రాయకూడదు, ఒప్పుకోని పిల్లను తాకకూడదు, ఒప్పుకోని పిల్ల వివరాలు ఏడు రోజుల్లో చెరిపేయాలి, ఇలాంటివి. అన్నీ ఒప్పుకున్నాను. రమ్మంటే చాలు, మోకాళ్ల మీద కూడా వచ్చేదాన్ని.

62వ రోజు, ఏప్రిల్ 11

బడికి పోయాను. మస్తానమ్మ సామాను గది ఊడ్చి ఉంచింది. నలభై మందిలో ఇరవై ముగ్గురు ఒప్పుకున్నారట, పదిహేడు మంది వద్దన్నారట. పిల్లలు కదా, భయపడి ఉంటారనుకున్నాను.

ఇరవై ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి వెనక నిలబడి పది మాటలు చెప్పాను. మొదటి పిల్ల పదికి పది. రెండో పిల్లాడు పది. మూడో పిల్ల తొమ్మిది, ఆ ఒక్కటీ నవ్వాపుకోలేక పోగొట్టుకుంది. పదోవాడికి వచ్చేసరికి నాకు అనుమానం మొదలైంది. ఇరవై ముగ్గురిలో ఒక్కరికి కూడా తొమ్మిదికి తగ్గలేదు. చక్కటి చెవులు. ఇంత మంచి చెవులు నేను మా ఆస్పత్రిలో ఎన్నడూ చూడలేదు.

యాభై ఎనిమిది రోజులు కాళ్లరిగేలా తిరిగి, బడిలో పిల్లల చెవులు భేషుగ్గా ఉన్నాయని నా చేత్తో నేనే తేల్చాను.

బయటికొస్తుంటే పిల్లలంతా నీళ్లకు వచ్చారు. సుంకులు నన్ను చూసి చెయ్యి ఊపింది. ఎదురుగా కూర్చుని, నా నోరు కనపడేలా అడిగాను.

"నువ్వెందుకు వద్దన్నావు తల్లీ? నేనే కదా చూసేది."

"నేనెప్పుడు వద్దంటి?"

"వస్తావా అని బడిలో అడిగారు కదా."

"నన్నెవురూ అడగల్యా మేడమ్."

పక్కనున్న ఇద్దర్ని అడిగాను. వాళ్లనూ ఎవరూ అడగలేదట. మస్తానమ్మ మొహం చూశాను. ఆవిడ గోడకు చేరగిలబడి ఉంది.

"పూసలో అడిగె వకుళమ్మా. మామూలు గొంతుతో మూడు తూర్లు అడిగె. పలకనోళ్లను వద్దన్నట్ల రాసుకునె. నేను అంతగా పట్టించుకోలేదు. రోజూ ఏదో ఒకటి అట్లనే అడుగుతాది గదా."

బడి పద్ధతి అంటే అది. చెవి పరీక్షకు వస్తావా అని చెవిలో అడగడం. వినపడని పిల్ల పలకదు. పలకని పిల్ల వద్దన్నట్టు. వద్దన్న పిల్లను పరీక్షించకూడదు. ఆ గడిలో టిక్కు పెట్టింది యంత్రం కాదు, శేషఫణి కాదు. పంతొమ్మిదేళ్లుగా చెవులు చూస్తున్న నేను పెట్టాను. ఆ పద్ధతి ఏమిటని ఒక్క మాట అడగలేదు. నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపించింది.

66వ రోజు, ఏప్రిల్ 15

మళ్లీ ఆరు అంతస్తులు ఎక్కాను. షర్బత్ వద్దన్నాను.

"నోరు తెరిచి వద్దని చెప్పినవాళ్లు ఎంతమంది?"

శేషఫణి కాగితం తిరగేశాడు. "సున్న."

"ఊరికే ఉన్నవాళ్లు?"

"పదిహేడు. ఊరుకుంటే ఒప్పుకున్నట్లు కాదు గదమ్మా. పిల్ల భయంతో నోరెత్తకపోతే దాన్ని సరే అని రాసుకొని మీదబడేటోళ్లు లోకంలో ఉండారు. అందుకే ఆ నియమం."

"వాళ్లకు వినపడలేదండీ."

"అది మీరు పరీక్షిస్తే గదా తెలిసేది."

"పరీక్షించనిస్తే కదా తెలిసేది."

 ఆయన మళ్లీ దరఖాస్తు పెట్టుకోమన్నాడు, ఈసారి నేనే అడిగే దారిలో. నెల. విభజనకు ఐదు రోజులే ఉంది. తర్వాత ఒక కాగితం నా ముందుకు జరిపాడు. ఫలితం ఒక వాక్యంగా కుదించి ఉంది, పెనుగుట్ట నాలుగో తరగతి పిల్లల వినికిడి సక్రమంగా ఉన్నదని. కింద నా సంతకానికి చోటు. విభజన జరిగే రోజు దాన్ని చదువుతారట, పిల్లల్ని అన్యాయంగా పంపడం లేదని అందరికీ తెలియాలి కదా.

"నేను సంతకం పెట్టను."

"పరిశోధన చేసి ఫలితం ఇయ్యకపోతే మీమీద మచ్చ పడుతుందమ్మా."

"పడనీండి. విభజన రోజు నేను వస్తాను. సంతకం ఎందుకు పెట్టనో అందరి ముందూ చెబుతాను. మీరు కూడా రండి. ఈ బడిని మీరు ఒక్కసారైనా చూశారా?"

చూడలేదు. ఆరేళ్లుగా బడుల మీద వచ్చే దరఖాస్తులన్నీ చూస్తున్న మనిషి, మూడో అంతస్తు నుంచి కిందికి దిగలేదు. ఆ సంగతి చెప్పడానికి ఆయన సిగ్గుపడ్డాడు. సిగ్గుపడ్డందుకు నాకు ఆయన మీద కొంచెం మర్యాద మిగిలింది.

71వ రోజు, ఏప్రిల్ 20

విభజన పొద్దున తొమ్మిదికి. శేషఫణి వచ్చాడు. గోడ దగ్గర నిలబడి గొట్టం వైపు చూసి, చెయ్యి చెవికి అడ్డం పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ ఒక్కో పూస ఇచ్చారు, పేర్లు వినడానికి. హెడ్మాస్టరు నన్ను చివర మాట్లాడమన్నాడు. నేను ఐదు రోజులుగా వల్లెవేసుకున్నదంతా గొంతులో సిద్ధంగా ఉంది.

పూసలో తియ్యటి ఆడగొంతు మొదలైంది. మామూలు స్థాయి. పేరు పిలిచిన పిల్లలు లేచి ముందుకు వచ్చి ఎడమవైపు నిలబడాలని చెప్పింది. మొదటి పేరు పిలిచింది.

ఎవరూ లేవలేదు.

పది లెక్కపెట్టేంతసేపు ఆగి రెండో పేరు పిలిచింది. ఎవరూ లేవలేదు. మూడో పేరు సుంకులుది. అవతలి వరసల పిల్లలు తలలు తిప్పి గోడవరస వైపు చూస్తున్నారు. సుంకులు మాత్రం బల్ల మీద వేలితో ఏదో గీసుకుంటూ కూర్చుంది. నాలుగు, ఐదు, ఆరు. ఆ గొంతు ఆగకుండా పిలుస్తూనే ఉంది, చివరిదాకా అంతే తియ్యగా. పదహారు పేర్లు, ఊరుకున్న పదిహేడు మందిలో ఒక్కరి అంకె మాత్రం నలభై దాటింది. గదిలో ఒక్క పిల్ల కూడా కదల్లేదు.

"ఏందిది? పిల్లోళ్లకు ముందే ఎవురన్నా నేర్పించినారా?" హెడ్మాస్టరు నావైపు చూశాడు.

నేను నోరు తెరవలేదు. తెరిచి ఉంటే అదీ పరిశోధన కింద రాసుకునేవాళ్లు. మస్తానమ్మ పోయి సుంకులు ఎదురుగా వంగి నిలబడింది. "లెయ్యి నాయనా" అంది. సుంకులు వెంటనే లేచింది. ఆవిడ పక్క బల్లకు పోయి ఆ పిల్లాడి ఎదురుగా వంగింది. వాడూ లేచాడు. అలా ఒక్కొక్కరి ముందూ వంగి పదహారు మందినీ లేపింది. అందరూ గోడవరసే. మొదటి పిల్ల నుంచి చివరి పిల్లదాకా ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడ్డారు, ఏం తప్పు చేశామో తెలియనట్టు.

శేషఫణి చెవిలో పూస తీసి బల్ల మీద పెట్టాడు. మండలి సంతకం లేనిదే చెల్లని విభజన పత్రం తీసి చాలాసేపు చూశాడు. ప్రతి పేరు ఎదురుగా కారణం గడి ఉంటుంది, "స్పందన లేదు" అని ముందే అచ్చు వేసి ఉంటుంది. కలం తీసి పదహారు చోట్లా అది కొట్టేసి, పైన "పిలిచినది వినపడలేదు" అని తన చేత్తో రాసి, ఒక్కో కొట్టివేత పక్కనా సంతకం పెట్టాడు. పదహారుసార్లు. హెడ్మాస్టరు ఏదో అనబోతే చెయ్యి చూపించి ఆపాడు.

"పిల్లలు యాడికీ పోరు. ముందు గోడ పక్కనుంచి బల్లలు తీపించండి. పూసల గొంతు తగ్గించేదాకా ఈ గదిలో పూసలు వద్దు" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇది పరిశోధన కిందికి రాదు గదమ్మా?"

"రాదండీ. మీరు పిలిచారు, వాళ్లకు వినపడలేదు. అంతే."

72వ రోజు, ఏప్రిల్ 21

ఈరోజు ఓబులేసు ఆస్పత్రికి వచ్చాడు. సొరంగం దుమ్ముతోనే వచ్చాడు, మొహం కూడా కడుక్కోలేదు.

"చదువు మానిపిచ్చరంట గదా మేడమ్."

"మానిపించరు. మిగతా పదిహేను మందిని కూడా."

"మంచిదాయె." తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "చెవులు మళ్ల వస్తాయా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. పంతొమ్మిదేళ్లుగా రోజూ జవాబు చెబుతున్న ప్రశ్న ఇది. అయినా చెప్పడానికి కష్టమైంది. పోయింది రాదని చెప్పాను. ఇకముందు పోకుండా మాత్రం చూడొచ్చని చెప్పాను. దరఖాస్తు పెట్టిన రోజున ఇంకొంచెం మిగిలి ఉండేదని కూడా చెప్పాను, దాచడానికి నాకు హక్కు లేదనిపించింది. నా గుసగుస వల్ల పిల్లలకు హాని జరగకూడదని మండలి జాగ్రత్తపడుతున్నన్ని రోజులూ ఆ పూసలు ఆ చెవుల్లో అరుస్తూనే ఉన్నాయి. వాటిని ఆపడానికి ఎవరి దగ్గరా ఒక్క పేజీ దరఖాస్తు కూడా లేదు.

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

"నా చెవులు పోయేదానికి ఇరవై ఏండ్లు పట్టె మేడమ్, అది కూడా రాయి కొడితే. నా బిడ్డవి కూర్చోని చదువుకుంటా ఉంటేనే పోయె" అని చెప్పి, పనికి ఆలస్యమవుతుందని వెళ్లిపోయాడు.

ఈ పుస్తకంతో పాటు ముగింపు పత్రం కూడా ఇవ్వాలి. అందులో తొమ్మిదో ప్రశ్న, ఈ పరిశోధన అనుమతి కాలంలో పిల్లలకు ఏదైనా హాని జరిగిందా, జరిగితే వివరించండి అని. అవునన్న గడిలో టిక్కు పెట్టాను. వివరాల కింద ఓబులేసు చెప్పిన మాట, ఆయన చెప్పింది చెప్పినట్టే రాసి సంతకం పెట్టాను.